ఆమిష్ పల్లెల మీదుగా కారు ప్రయాణం: లాంకాస్టర్ కౌంటీ వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే సీజన్ మొదలవగానే నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "లాంకాస్టర్ తీసుకెళ్దామనుకుంటున్నాం, ఎక్కడెక్కడ ఆగాలి?" ఎక్కడ ఆగాలన్నది తర్వాత చూద్దాం. ఏ రోజు వెళ్తున్నారు, ఏ రోడ్డు మీద వెళ్తున్నారు అన్న రెండింటి మీదే ఈ ప్రయాణం ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ తప్పితే మిగిలేది రూట్ 30 మీద ట్రాఫిక్, ఔట్‌లెట్ మాల్, బఫే భోజనం. అవి మీ ఊళ్లోనూ ఉన్నాయి.

పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీకి ఒక రోజు గానీ, ఒక రాత్రి ఉండేట్టు గానీ సొంత కార్లో వెళ్లేవాళ్ల కోసం ఇది. ఆమిష్ అంటే కార్లు కొనకుండా, బగ్గీలనే గుర్రపు బళ్లలో తిరుగుతూ, పాత పద్ధతిలో వ్యవసాయం చేసుకునే క్రైస్తవ సమాజం. న్యూజెర్సీ ఎడిసన్ వైపు నుంచి రెండు గంటల పైచిలుకు, ఫిలడెల్ఫియా నుంచి గంటన్నర పడుతుంది. వర్జీనియా, మేరీలాండ్ వాళ్లయితే బాల్టిమోర్ దాటి ఐ-83 మీద యార్క్ దాకా వచ్చి, అక్కడ రూట్ 30 తూర్పు పట్టుకుంటారు.

## 1. ముందుగా రోజు ఖాయం చేసుకోండి

ఆదివారం ఆమిష్ వాళ్లు ఏమీ అమ్మరు. పొలం గేటు దగ్గర కూరగాయల బల్ల ఉండదు, క్విల్ట్ (గుడ్డ ముక్కలతో కుట్టే బొంత) దుకాణం తెరవరు, ఐస్‌క్రీమ్ అమ్మే డెయిరీ కూడా మూతే. ఇంటర్‌కోర్స్ అనే ఊళ్లోని కిచెన్ కెటిల్ విలేజ్ దుకాణాలకు కూడా ఆదివారం సెలవే. మనవాళ్లు శనివారం సరుకులు, బట్టలు ఉతకడం కానిచ్చుకుని ఆదివారం బయల్దేరతారు. అక్కడే సగం ప్రయాణం పోతుంది.

వారంలో ఏ రోజు ఎలా ఉంటుందంటే:

- సోమవారం: బట్టలుతికే రోజు. ఇంటి నుంచి కొట్టం దాకా ఎత్తుగా కట్టిన దండేల మీద ముదురు రంగు బట్టలు వరసగా ఊగుతుంటాయి. జనం తక్కువ, పెద్ద మార్కెట్లు ఉండవు.
- మంగళవారం: మ్యాన్‌హైమ్ దగ్గర రూట్స్ మార్కెట్. ఇది మంగళవారం మాత్రమే. లాంకాస్టర్ సిటీలో సెంట్రల్ మార్కెట్ కూడా ఉంటుంది.
- శుక్రవారం: ఎఫ్రటాలో గ్రీన్ డ్రాగన్ సంత. ఇది శుక్రవారం మాత్రమే. సెంట్రల్ మార్కెట్, బర్డ్-ఇన్-హ్యాండ్ మార్కెట్ కూడా తెరిచే ఉంటాయి. నన్నడిగితే వారం మొత్తంలో ఇదే రోజు.
- శనివారం: సెంట్రల్ మార్కెట్ ఉంటుంది, అన్నీ తెరిచి ఉంటాయి, జనం కూడా అలాగే ఉంటారు.
- ఆదివారం: కొనడానికి ఏమీ లేదు. ఉదయం ప్రార్థనకు వెళ్లే బగ్గీలు రోడ్ల మీద బారులు తీరతాయి. చూడటమే చాలనుకుంటే పర్వాలేదు.

సెంట్రల్ మార్కెట్ మధ్యాహ్నానికే సర్దేస్తారు కాబట్టి దాన్ని పొద్దున్నే పెట్టుకోండి.

అమెరికన్ క్యాలెండర్లో కనిపించని సెలవులూ ఉన్నాయి. ఈస్టర్‌తో కలిపి నలభయ్యో రోజున వచ్చే అసెన్షన్ గురువారం, ఆ తర్వాత పెంతెకొస్తు సోమవారం, అక్టోబర్ 11, డిసెంబర్ 26. ఆ సెలవు రోజుల్లో ఆమిష్ దుకాణాలు మూసేస్తారు. అక్టోబర్ 11 తరచుగా మన కొలంబస్ డే లాంగ్ వీకెండ్ దగ్గర్లోనే పడుతుంది, చూసుకోండి. నవంబర్‌లో మంగళ, గురువారాలు పెళ్లిళ్ల రోజులు. తలుపు మీద చిన్న చీటీ అంటించి ఊరు ఊరంతా పెళ్లికి వెళ్లిపోవచ్చు.

## 2. ఏ నెలలో ఏం కనిపిస్తుంది

ఏప్రిల్‌లో దుక్కులు. నాలుగైదు కంచరగాడిదలను వరసగా కట్టి నాగలి లాగిస్తారు. మేలో లూసర్న్ గడ్డి మొదటి కోత. జూన్ మొదట్లో స్ట్రాబెర్రీలు, జూలై నుంచి స్వీట్‌కార్న్ పొత్తులు, పీచ్ పళ్లు. సెప్టెంబర్, అక్టోబర్ గుమ్మడికాయలు, ఆపిల్స్, మొక్కజొన్న కోతలు.

ఆగస్టు చివర పొగాకు నరికి షెడ్లలో వేలాడదీస్తారు. ప్రకాశం జిల్లా వాళ్ల నాన్నగారెవరైనా కార్లో ఉంటే ఇక్కడ తప్పకుండా ఆగాలి. మన పొగాకు బ్యారన్‌లో మంట పెట్టి ఆకు కాలుస్తాం. ఇక్కడ నిప్పు లేదు. షెడ్డు గోడకున్న నిలువు చెక్కలు తలుపుల్లా తెరుచుకుంటాయి, లోపల ఆకు గాలికే ఆరుతుంది. మా నాన్న వయసు వాళ్లు దీని గురించి అరగంట మాట్లాడగలరు.

ఫిబ్రవరి చివరి నుంచి వసంతం అంతా మడ్ సేల్స్ జరుగుతాయి. ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీ కోసం వేసే వేలంపాటలివి. క్విల్టులు, బగ్గీలు, గుర్రాలు, పాత పనిముట్లు అన్నీ పాటలో ఉంటాయి. పేరుకు తగ్గట్టే నేలంతా బురద, పాత బూట్లు వేసుకెళ్లండి. పాడాలనుకుంటే ముందు బల్ల దగ్గర ఐడీ చూపించి నంబరు తీసుకోవాలి. ఊరికే చూడటానికి నంబరు అక్కర్లేదు.

మార్చి, ఏప్రిల్‌లో పొలాలకు పేడ ఎరువు చల్లుతారు. కారు అద్దాలు దించగానే తెలుస్తుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు, తాతయ్యలకు ఊరు గుర్తొస్తుంది.

## 3. బయల్దేరేముందు సర్దుకోవలసినవి

- ఒకటి, ఐదు డాలర్ల నోట్లు. పొలం బల్లల దగ్గర చాలాచోట్ల మనిషే ఉండరు, డబ్బాలో డబ్బులు వేసి సరుకు తీసుకోవాలి. ఇరవై నోటుకు చిల్లర ఇచ్చేవాళ్లు ఉండరు.
- ఈజీపాస్, అంటే టోల్ దానంతటదే కట్టే కారు పరికరం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద నగదు తీసుకోరు. ఈజీపాస్ లేకపోతే నంబర్‌ప్లేట్ ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, ఆ రేటు బాగా ఎక్కువ.
- ఐస్‌ప్యాక్‌లతో కూలర్ బాక్స్. చీజ్, పాలు, పళ్లు కొంటారు.
- పులిహోర, పెరుగన్నం లాంటిది ఒక పూటకు. ఎందుకో ఎనిమిదో భాగంలో చెప్తాను.
- నీళ్లు, టిష్యూలు, హ్యాండ్ శానిటైజర్.
- డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

బట్టల విషయంలో పెద్ద నియమాలేమీ లేవు. చీర, చుడీదార్ ఏదైనా సుబ్బరం. మరీ పొట్టి షార్ట్స్ వేసుకుని వాళ్ల ఇంటి ముంగిట్లోకి వెళ్లకపోతే చాలు.

## 4. దారి: రూట్ 30ని అడ్డంగా దాటండి, పొడుగునా వెళ్లకండి

జీపీఎస్‌కు "లాంకాస్టర్" అని ఇస్తే అది మిమ్మల్ని నేరుగా రూట్ 30 మీద పడేస్తుంది. కాబట్టి ఒక్కో ఊరికి విడివిడిగా దారి పెట్టుకోండి. న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు నుంచి వచ్చేవాళ్లకు నేను చెప్పే చుట్టు ఇది:

మొదటి అంచె. టర్న్‌పైక్ 298వ ఎగ్జిట్, మోర్గన్‌టౌన్ దగ్గర దిగండి. రూట్ 23 పడమర పట్టుకోండి. చర్చ్‌టౌన్, గుడ్‌విల్, బ్లూబాల్, న్యూహాలండ్ వరసగా వస్తాయి. ఇక్కడ కనిపించే నల్ల బగ్గీలు ఓల్డ్ ఆర్డర్ మెనోనైట్లనే మరో క్రైస్తవ సమాజం వాళ్ల బళ్లు, ఆమిష్ వాళ్లవి కావు. ఇనప చక్రాల ట్రాక్టర్లూ, సైకిళ్లూ వీళ్లవే. లాంకాస్టర్ ఆమిష్ బగ్గీలకు బూడిద రంగు కప్పు ఉంటుంది. వాళ్లు సైకిల్ బదులు కాలితో తోసుకునే స్కూటర్ వాడతారు. ఈ తేడా ముందే చెప్తే పిల్లలకు దారంతా లెక్కపెట్టుకునే పని దొరుకుతుంది.

రెండో అంచె. లియోలా దగ్గర రూట్ 772 మీద దక్షిణంగా తిరిగి ఇంటర్‌కోర్స్ చేరండి. ఊరి బోర్డు దగ్గర ఫొటోలు దిగి నవ్వుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, దాటుకుని వెళ్లండి. క్విల్టులు, జామ్‌లు, చెక్క సామాను ఇక్కడ చూడొచ్చు. టాయిలెట్ పని కూడా ఇక్కడే ముగించుకోండి, పొలం బల్లల దగ్గర ఉండవు.

మూడో అంచె. రూట్ 340 మీద పడమరగా బర్డ్-ఇన్-హ్యాండ్ ఊరు. మూడు నాలుగు మైళ్లే. కానీ బగ్గీలు ఎక్కువగా తిరిగే రోడ్డిది. తొందరపడకండి.

నాలుగో అంచె. రాంక్స్ రోడ్ మీద దిగి రూట్ 30ని అడ్డంగా దాటి స్ట్రాస్‌బర్గ్ వైపు వెళ్లండి. స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌కు 1832లో చార్టర్ (ప్రభుత్వ అనుమతి పత్రం) వచ్చింది. ఇక్కడి ఆవిరి రైలు సుమారు 45 నిమిషాల్లో ప్యారడైజ్ అనే ఊరి దాకా వెళ్లి తిరిగొస్తుంది, రెండు పక్కలా ఆమిష్ పొలాలే. నడవలేని పెద్దవాళ్లకు పొలాలు చూపించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. ఎదురుగానే రైల్‌రోడ్ మ్యూజియం ఉంది, వాన పడితే పనికొస్తుంది.

తిరుగు దారి. రూట్ 741 తూర్పుగా గ్యాప్ అనే ఊరి దాకా, అక్కడి నుంచి రూట్ 30 బైపాస్, తర్వాత 202 ఎక్కి కింగ్ ఆఫ్ ప్రష్యా. గ్యాప్ దాటాక 30 అంత ఇబ్బంది పెట్టదు.

ఈ చుట్టులో ఎక్కడైనా బుద్ధి పుట్టినచోట పక్క రోడ్డులోకి మళ్లండి. నా మటుకు అసలు ప్రయాణం ఆ పక్కరోడ్లే. కౌంటీలో పాతికకు పైగా చెక్క కప్పు వంతెనలున్నాయి. చర్చ్‌టౌన్ దగ్గర వీవర్స్ మిల్ వంతెన మొదటి అంచెకు దగ్గరే. ఒక్క బండి పట్టే వెడల్పు, ఎత్తు తక్కువ. కారు పైన సామాను పెట్టె ఉంటే ముందున్న ఎత్తు బోర్డు చదవండి. ఎదురుగా బండి వస్తుంటే ఆగి దారివ్వండి.

## 5. బగ్గీ వెనక డ్రైవింగ్

ఇది మాత్రం కారు నడిపేవాళ్లంతా పూర్తిగా చదవండి.

బగ్గీ గంటకు ఐదు నుంచి పది మైళ్ల వేగంతో పోతుంది. మీరు 55లో ఉన్నారు, 500 అడుగుల ముందు 8 మైళ్ల వేగంతో బగ్గీ ఉందనుకుందాం. దాని వెనక్కి చేరడానికి మీకు ఏడు సెకన్ల చిల్లరే పడుతుంది. అదే దూరంలో 45లో పోయే కారుంటే అర నిమిషానికి పైగా ఉంటుంది. మన కళ్లకు అలవాటైంది రెండోది. అందుకే గుట్ట ఎక్కుతున్నప్పుడు అవతలి వైపు బగ్గీ ఉందనే అనుకుని వేగం తగ్గించండి.

క్రమం ఇది:

1. వెనక నారింజ రంగు త్రికోణం కనిపించగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. దగ్గరికెళ్లి గట్టిగా బ్రేకు కొడితే వెనకాలవాడు మిమ్మల్ని గుద్దుతాడు.
2. బగ్గీకి బాగా ఎడంగా ఉండండి. ఎక్కుడులో గుర్రం ఆగిందంటే బగ్గీ కాస్త వెనక్కి జారుతుంది.
3. హారన్ కొట్టకండి. గుర్రం బెదిరితే ముందు ప్రమాదం బండిలో ఉన్న పసిపిల్లలకే. రాత్రి హైబీమ్ కూడా వద్దు.
4. దాటేముందు బగ్గీ ఎడమకు తిరగబోతోందేమో చూడండి. వాటికి కూడా ఇండికేటర్ లైట్లుంటాయి. ముందు పొలం గేటో, అడ్డరోడ్డో ఉంటే ఆగండి. దాటుతుండగా బగ్గీ ఎడమకు మళ్లడమే అన్నిటికంటే చెడ్డ ప్రమాదం.
5. పసుపు గీత అనుమతించినచోట, ఎదుటి రోడ్డు ఖాళీగా కనిపిస్తేనే, పక్క లేన్‌లోకి పూర్తిగా వెళ్లి నింపాదిగా దాటండి. ఇంజన్ రయ్యిమనిపించకండి.
6. దాటాక వెంటనే ముందుకు దూరకండి. అద్దంలో గుర్రం మొత్తం కనిపించాక మీ లేన్‌లోకి రండి.

జూలై చివర నుంచి మొక్కజొన్న మనిషెత్తు దాటుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో పక్కనుంచి వచ్చేది అస్సలు కనబడదు. స్టాప్ గుర్తు దగ్గర ఆగి, మెల్లగా ముందుకు జరిగి, మళ్లీ ఆగి చూడండి.

చీకటి పడ్డాక పక్కరోడ్ల మీద తిరగొద్దన్నది నా మాట. బగ్గీలకు లైట్లుంటాయి, స్కూటర్ మీద వెళ్లే కుర్రాడు మాత్రం కనపడకపోవచ్చు. నవంబర్, డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకే చీకటి.

ఇంకొకటి. దుకాణాల పక్కన గుర్రాలు కట్టే అడ్డకర్ర ముందు ఖాళీ స్థలం చూసి పార్కింగ్ అనుకోకండి.

## 6. ఫొటోలు, మాటలు

బాప్తిస్మం తీసుకున్న ఆమిష్ వాళ్లు ఫొటోకు నిలబడరు. విగ్రహాలు చేయవద్దన్న బైబిల్ ఆజ్ఞ, తనను తాను చూపించుకోవడం గర్వమన్న నమ్మకం, రెండూ కారణాలే. అడిగితే మొహమాటానికి నవ్వి ఊరుకుంటారు, ఆ నవ్వును ఒప్పుకోలు అనుకోవద్దు.

- తీయొచ్చు: పొలాలు, కొట్టాలు, సైలోలు (మేత నిల్వ చేసే ఎత్తైన గోపురాలు), వంతెనలు, వెనక నుంచి దూరంగా వెళ్లే బగ్గీ.
- తీయకూడదు: ముఖాలు, పిల్లలు, ఇళ్ల కిటికీలు, ప్రార్థన జరుగుతున్న ఇల్లు.
- పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు ఇచ్చి ఫొటో అడగడం మరీ తప్పు.

ఒకే గది బడి కనిపిస్తే కారు ఆపకండి. 2006 అక్టోబర్ 2న ఈ కౌంటీలోనే నికెల్ మైన్స్ ఆమిష్ బడిలోకి సాయుధుడొకడు చొరబడి ఐదుగురు ఆడపిల్లల ప్రాణాలు తీశాడు. ఆ బడిని తర్వాత కూల్చేశారు. బడి ముందు ముక్కూమొహం తెలియని కారు ఆగితే ఇక్కడి తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది పెన్సిల్వేనియా డచ్, పేరు డచ్ అయినా అదొక జర్మన్ మాండలికం. ఇంగ్లిష్ కూడా చక్కగా వస్తుంది. "మీకు ఫోన్ ఎందుకు లేదు, కరెంటు ఎందుకు లేదు" అని మొదలుపెట్టకండి, రోజూ వినే ప్రశ్నే అది. పంట గురించి అడగండి. ఎన్ని ఆవులు పాలిస్తున్నాయి, కంచరగాడిద ఎన్నేళ్లు పని చేస్తుంది, గడ్డి ఎన్ని కోతలొస్తుంది. వ్యవసాయం చేసిన నాన్నగారో మామయ్యగారో వెంట ఉంటే ప్రశ్నలు వాళ్లను అడగనివ్వండి, మీరు దుబాసీ పని చేయండి. మీకంటే వాళ్లకే మంచి జవాబులొస్తాయి.

లోపలి జీవితం వివరంగా తెలుసుకోవాలంటే ఇళ్లలోకి తొంగిచూడక్కర్లేదు. రూట్ 30 మీద 1955 నుంచి నడుస్తున్న ఆమిష్ ఫామ్ అండ్ హౌస్ ఉంది, గైడుతో ఇల్లు చూపిస్తారు. అంతా చూపించడానికి అమర్చిపెట్టినట్టే ఉంటుంది. కానీ పిల్లల ప్రశ్నలన్నీ అక్కడ అడిగేస్తే బయట ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

## 7. పొలం దగ్గర కొనడం

కారును రోడ్డు మీద వదలకండి, పూర్తిగా లోపలికి తీసి ఆపండి. బోర్డు లేని ఇంటి ఆవరణలోకి వెళ్లకండి. రేటు రాసి ఉంటే అదే రేటు, బేరం వద్దు. టమాటాలు ఒక్కొక్కటీ నొక్కి చూసే మన అలవాటు కూడా కాసేపు పక్కన పెట్టండి.

క్విల్టు చేత్తో కుట్టింది, పెద్ద మంచానికి సరిపోయేది కావాలంటే వందల డాలర్ల నుంచి వెయ్యి దాటి కూడా ఉంటుంది. కొనే ఉద్దేశం లేకపోతే మడతలన్నీ విప్పించకండి. కుండ పట్టుకునే గుడ్డలు, దిండు గలీబులు అదే పనితనంతో చవగ్గా దొరుకుతాయి.

అనుమతి ఉన్న పాడి రైతులు ఇక్కడ పచ్చిపాలు అమ్మొచ్చు. కొంటే కూలర్‌లో పెట్టి తెచ్చి ఇంటికి రాగానే కాచండి. పచ్చిగా తాగొద్దు, ముఖ్యంగా పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు. కాచి తోడేస్తే ఆ పెరుగు మీద కట్టే మీగడ చూసి అమ్మలు మురిసిపోతారు.

## 8. శాకాహారులకు తిండి

ఇక్కడి భోజనం మాంసం మీద నడుస్తుంది. చూడ్డానికి కూరగాయలా ఉన్నదాంట్లో కూడా మాంసం ఉండొచ్చు.

- బీన్స్ కూరను తరచుగా పంది మాంసం ముక్కలతో ఉడికిస్తారు.
- మొక్కజొన్న సూప్ అంటే ఎక్కువగా చికెన్ కార్న్ సూప్.
- నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల మాంసం రసంలో ఉడికిస్తారు.
- 'పై' (pie) అనే తీపి వంటకం అంచుల పిండిలో పంది కొవ్వు (లార్డ్) కలిసి ఉండొచ్చు. మొలాసిస్ పాకంతో చేసే షూఫ్లై పై కొనేముందు "లార్డ్ ఉందా?" అని ఆ మాటతోనే అడగండి. "వెజిటేరియనా?" అని అడిగితే మాంసం ముక్కల్లేవు కదా అని అవుననేస్తారు.

నిశ్చింతగా తినగలిగేవి: ఉడికించిన స్వీట్‌కార్న్, పళ్లు, చీజ్ మీద పట్టింపు లేకపోతే చీజ్, ఆపిల్ బటర్ (పేరులో బటర్ ఉన్నా అది చిక్కగా ఉడికిన ఆపిల్ గుజ్జు), చౌచౌ అనే తీపి పులుపు కూరగాయల పచ్చడి, రూట్ బీర్ (ఇందులో మద్యం ఉండదు). వేడి వేడి ప్రెట్జెల్ కూడా బాగుంటుంది, వెన్న వద్దంటే రాయరు. ఐస్‌క్రీమ్‌లో గుడ్డు ఉంటుందేమో అడగండి.

మామిడికాయ పచ్చడికి అలవాటుపడ్డ నాలుకకు చౌచౌ మొదట వింతగా ఉంటుంది. రుచి చూసి కొనండి. రాత్రికి అన్నం తప్పదంటే లాంకాస్టర్ సిటీలో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. అందుకే పులిహోర సర్దమన్నది మధ్యాహ్నం కోసమే.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

పదకొండింటికి చేరడం. పొలం పని పొద్దున్నే మొదలవుతుంది. ఇంటి దగ్గర ఆరుకే బయల్దేరండి, లేదా ముందురోజు రాత్రి స్ట్రాస్‌బర్గ్, బర్డ్-ఇన్-హ్యాండ్ దగ్గర బస చేయండి. అక్టోబర్ శని, ఆదివారాలకు గదులు ముందే నిండిపోతాయి.

ఆదివారం తప్ప సెలవు లేకపోవడం. శనివారం మధ్యాహ్నం చేరి ఐదింటిలోపే కొనడాలు ముగించండి. ఆదివారం రైలు, మ్యూజియం, వంతెనలు పెట్టుకోండి.

రూట్ 30 ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం. ఉత్తరం వైపు ఏ రోడ్డు కనిపిస్తే ఆ రోడ్డు ఎక్కండి, కొద్దిసేపట్లో 340 తగులుతుంది.

ఒకే రోజులో హెర్షీ కూడా కలిపేయడం. పిల్లలు చాక్లెట్ ఫ్యాక్టరీ అడుగుతారు, నిజమే. దాన్ని రెండో రోజుకు పెట్టండి. కలిపితే రెండూ కారు కిటికీలోంచే చూస్తారు.

బగ్గీ సవారీ మధ్యాహ్నం ఎండలో పెట్టుకోవడం. జూలైలో అది గుర్రానికీ, మీ అమ్మగారికీ కూడా కష్టమే. పొద్దున్నే ఎక్కండి. మోకాళ్ల నొప్పులుంటే మెట్టు ఎంత ఎత్తుందో టికెట్ కొనకముందే చూడండి, కొన్ని బళ్లకు స్టూల్ వేసి ఎక్కిస్తారు.

తిరుగుదారిలో ఆకలి. దుకాణాలు, పొలం బల్లలు చాలావరకు ఐదింటికల్లా కట్టేస్తారు. "వచ్చేటప్పుడు కొందాంలే" అనుకున్నది రాదు. కనిపించినప్పుడే కొని కూలర్‌లో వేయండి.